ఆయనకు ఎవరైనా చెప్పారా? సంఘ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

సంఘ పెద్దలైన మీకు ప్రభువు నామంలో వందనాలు.

నేను ప్రసంగాలు చేసేవాణ్ణి కాదు. చాలా ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాను. కొంతకాలం మీలాగే సంఘ కమిటీలో కూర్చున్నాను. ఏ సంఘమో చెప్పను, ఈ ఉత్తరానికి అది అవసరం లేదు. ఆ రోజుల్లో ఇద్దరు విశ్వాసులు మా దగ్గరికి వచ్చి ఒక బోధకుడి గురించి మాట్లాడారు. ఆయన వేదిక మీద చెబుతున్న కొన్ని సంగతులు వాక్యంలో లేవన్నారు. కానుకల లెక్క అడిగితే కోప్పడుతున్నాడన్నారు. మేం శ్రద్ధగా విన్నాం. "ప్రార్థనలో పెడదాం" అన్నాం. పెట్టాం కూడా, ఆ మాట అబద్ధం కాదు. మోకాళ్ల మీద నుంచి లేచి ఎవరి ఇంటికి వాళ్లం వెళ్లిపోయాం. ఆ సంగతి మళ్లీ మా మధ్యకు రాలేదు. చెప్పడానికి వచ్చిన ఇద్దరూ కొన్ని నెలల్లోనే సంఘానికి రావడం మానేశారు. వాళ్లు మానేశాక సంఘం ప్రశాంతంగా ఉందనుకున్నాం. అది దేవుని కృప అని కూడా అనుకున్నాం.

ఇన్నేళ్ల తరువాత నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ బోధకుడి తప్పు కాదు. ఏడుగురం పెద్దలం ఉండి కూడా ఆయనకు ఒక్కరం చెప్పలేదు. బైబిలు పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుని, "బ్రదర్, ఇది తప్పు" అన్నవాళ్లు మాలో లేరు. ఆయన అబద్ధ బోధకుడో, తెలియక దారి తప్పిన సోదరుడో నాకు అప్పుడు తెలియదు. తెలుసుకోవడానికి ఒక్కటే దారి ఉండేది, దాన్ని మేమే మూసేశాం.

ఇలాంటివి నాలుగ్గోడల మధ్య మాట్లాడుకోవాలి గానీ బహిరంగంగా రాయడమేమిటని మీలో కొందరు అంటారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇందులో మన మధ్య ఉన్న ఎవరి పేరూ పెట్టలేదు. పేరు పెట్టి చెప్పాల్సినవి ఆ మనుషులకే, వాళ్ల ఇంటికే వెళ్లి చెప్పాను, చాలా ఆలస్యంగానైనా సరే. ఇక్కడ రాస్తున్నది మనందరికీ ఉన్న ఒక అలవాటు గురించి. అది ఎప్పుడూ రహస్యం కాదు.

బోధకుడి మీద ఒక మాట వచ్చినప్పుడు మనం ముందుగా ఏం అడుగుతాం? ఆయన వల్ల ఎంతమంది రక్షణలోకి వచ్చారని అడుగుతాం. ఆయన చేతులుంచి ప్రార్థిస్తే రోగాలు తగ్గుతున్నాయి కదా అంటాం. ఆయన వెళ్లిపోతే సంఘం నిలుస్తుందా అని భయపడతాం. ఈ మూడూ లేఖనాల్లో కొలతలు కావు. కొండమీద ప్రసంగం చివర్లో ప్రభువు చెప్పిన మనుషులు ఆయన నామంలో ప్రవచించినవాళ్లు, దయ్యాలను వెళ్లగొట్టినవాళ్లు, అద్భుతాలు చేసినవాళ్లు. వాళ్లతోనే "మిమ్మల్ని ఎన్నడూ ఎరుగను" అంటానన్నాడు. ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం ఇంకా కఠినం. ప్రవక్త చెప్పిన సూచన నిజంగా జరిగినా సరే, అతను మిమ్మల్ని వేరే దేవుళ్ల వైపు తిప్పుతుంటే అతని మాట వినవద్దంటుంది. అద్భుతం జరిగిందా లేదా అన్న చర్చకే అక్కడ చోటు లేదు.

1986లో అమెరికాలో పీటర్ పోపాఫ్ అనే స్వస్థత ప్రసంగీకుడు సభలో కూర్చున్నవాళ్ల పేర్లు, చిరునామాలు, జబ్బులు దేవుడే తనకు చూపిస్తున్నట్టు చెప్పేవాడు. ఆయన చెవిలో చిన్న రిసీవరు ఉందని, జనం రాసిచ్చిన ప్రార్థన కార్డుల్లోని వివరాలను భార్య తెర వెనుక నుంచి చదివి వినిపిస్తోందని జేమ్స్ రాండీ బృందం రేడియో స్కానరుతో పట్టుకుంది. ఆ మాటలను టీవీలో దేశమంతటికీ వినిపించారు. రాండీ నాస్తికుడు, వృత్తిరీత్యా ఇంద్రజాలికుడు. విన్న బోధను లేఖనాలతో పోల్చి పరీక్షించిన బెరయవాళ్లలాంటి విశ్వాసులు చేయాల్సిన పని ఒక గారడీవాడు చేయాల్సి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు పోపాఫ్ మీద కంటే, ఆ సభల్లో ముందు వరసలో కూర్చున్న సంఘ పెద్దల మీదే ఎక్కువ కోపం వస్తుంది.

లేఖనాలు వాడే కొలత వేరు. తప్పు చెప్పిన తరువాత ఆ మనిషి ఏం చేశాడన్నదే ఆ కొలత.

అపొల్లో కథ మీకు తెలిసిందే. అలెక్సంద్రియవాడు, మంచి వక్త, లేఖనాల్లో ప్రవీణుడు. ఎఫెసుకు వచ్చి సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు. అయితే ఆయనకు తెలిసింది యోహాను బాప్తిస్మం వరకే. ప్రిస్కిల్ల, అకుల ఆ ప్రసంగం విన్నారు. నలుగురిలో లేచి ఆయన పరువు తీయలేదు, వెనకాల గుసగుసలాడనూ లేదు. ఆయన్ని చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. డేరాలు కుట్టుకునే భార్యాభర్తలు చెబితే ఆ గొప్ప వక్త విన్నాడు. తరువాత ఆయన అకయకు వెళ్తుంటే సోదరులు సిఫారసు ఉత్తరం రాసి పంపారు.

అదే ఎఫెసులో హుమెనైయు అనే మరో మనిషి ఉన్నాడు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో పౌలు అతన్ని, అలెక్సంద్రును సాతానుకు అప్పగించానంటాడు. మాట భయంకరంగా ఉంది గానీ దాని వెనకే కారణం కూడా ఉంది. దూషించకూడదని వాళ్లు నేర్చుకోవడానికి అట. అంత కఠినమైన శిక్షలో కూడా నేర్చుకుంటారన్న ఆశ మిగిలే ఉంది. రెండో పత్రికలో ఆ పేరు మళ్లీ కనబడుతుంది. ఈసారి ఫిలేతుతో కలిసి, పునరుత్థానం ఎప్పుడో జరిగిపోయిందని బోధిస్తూ కొందరి విశ్వాసాన్ని చెడగొడుతున్నాడు. వాళ్ల మాట కొరుకుపుండులా పాకుతుందని పౌలు రాశాడు. అపొల్లో బోధలోనూ లోటుంది, హుమెనైయు బోధలోనూ తప్పుంది. ఒకరికి సిఫారసు ఉత్తరం దక్కింది, ఇంకొకరి పేరు హెచ్చరిక ఉత్తరంలోకి ఎక్కింది. ఇద్దరికీ చెప్పినవాళ్లు ఉన్నారు కాబట్టే ఎవరు ఎలాంటివారో బయటపడింది.

పేతురంతటివాడికే ఇది తప్పలేదు. అంతియొకయలో అన్యులతో కలిసి భోంచేస్తున్నవాడు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. ఆయన్ని చూసి బర్నబా కూడా జారాడు. పౌలు అందరి ముందూ పేతురును నిలదీశాడు. పెద్దాయన కదా, పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. కానీ తప్పు అందరి ముందూ జరిగింది, దానివల్ల ఇతరులూ తప్పుతున్నారు, అందుకే దిద్దుబాటు కూడా అందరి ముందే జరిగింది. తరువాతి రోజుల్లో పేతురు తన రెండో పత్రికలో పౌలును "మన ప్రియ సహోదరుడు" అన్నాడు. ముఖం మీద తప్పు చూపిన మనిషిని అలా పిలవగలిగినవాడు తప్పు చేసినా మంద అతని చేతిలో క్షేమంగా ఉంటుంది.

ఇప్పుడు మన నోళ్లు మూయించే మాట దగ్గరికి వస్తాను. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు." ఈ మాట ఎన్ని కమిటీ గదుల్లో ఎంతమంది గొంతు నొక్కిందో లెక్కలేదు. 105వ కీర్తన తెరిచి చదవండి. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమందిగా, పరదేశులుగా తిరుగుతున్న ఆ కుటుంబాన్ని హింసించవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. లెక్క అడిగిన విశ్వాసికి అక్కడ ఒక్క మాట లేదు. పోనీ దావీదునే చూద్దాం, సౌలు అభిషిక్తుడని చేయి వేయనన్నది ఆయనే కదా. గుహలో సౌలు వస్త్రపు చెంగు కోసి వదిలేశాడు. ఆ తరువాత ఊరుకున్నాడా? బయటికి వచ్చి, మూడు వేలమంది సైనికులతో తనను వేటాడుతున్న ఆ రాజును గట్టిగా పిలిచాడు. చెంగు ముక్క పైకెత్తి చూపించి, నీకూ నాకూ యెహోవా న్యాయం తీర్చాలన్నాడు. కత్తి ఎత్తలేదు గానీ, అనాల్సిన మాట దాచుకోలేదు.

"తీర్పు తీర్చకుడి" అన్న మాట కూడా ఇంతే. ఆ అధ్యాయంలోనే, ముందు నీ కంట్లో దూలం తీసుకో, అప్పుడు సోదరుడి కంట్లో నలుసు తీయడానికి నీకు తేటగా కనబడుతుందని ఉంది. నలుసును అలాగే వదిలేయమని లేదు. ఇంకాస్త కిందికి వెళ్తే గొర్రెల చర్మం కప్పుకున్న తోడేళ్ల గురించి జాగ్రత్తపడమని ఉంది. ఏది తోడేలో తేల్చుకోకుండా జాగ్రత్తపడటం ఎలా? గోధుమల్లో గురుగుల ఉపమానాన్ని కూడా ఇలాగే అడ్డం పెడతారు. అందులో పొలం అంటే లోకమని ప్రభువే విప్పి చెప్పాడు. పౌలైతే కొరింథువాళ్లకు, బయటివాళ్లకు తీర్పు తీర్చడం నా పని కాదు, లోపలివాళ్ల సంగతి మీరు చూసుకోవాలని రాశాడు. మనం దాన్ని తలకిందులు చేసుకున్నాం. లోకం ఎంత చెడిపోయిందో ప్రతి ఆదివారం చెప్పుకుంటాం, లోపలి సంగతి వచ్చేసరికి ప్రేమ గుర్తొస్తుంది.

ఆ ప్రేమ ఎలా ఉంటుందో పాత నిబంధనలోని యాజకుడు ఏలీ ఇంట్లో కనబడుతుంది. ఆయన కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు షిలోహులో యాజకులు. బలి అర్పించడానికి వచ్చినవాళ్ల కుండల్లోంచి మూడు ముళ్ల కొంకితో మాంసం లాక్కునేవాళ్లు. క్రొవ్వు దేవునికి దహించకముందే పచ్చి మాంసం ఇమ్మని, లేదంటే బలవంతంగా తీసుకుంటామని బెదిరించేవాళ్లు. ప్రత్యక్ష గుడారం ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలతో శయనించేవాళ్లు. మన కాలం పేపర్లలో వచ్చే వార్తలకీ దీనికీ తేడా ఏముంది? భయం, డబ్బు, స్త్రీలు.

ఏలీ ఊరుకున్నాడని చాలామంది అనుకుంటారు. ఊరుకోలేదు. కొడుకులను పిలిచి, మీ గురించి నాకు వినబడుతున్నది మంచిది కాదు, ఇలా చేయవద్దని అడిగాడు. వాళ్లు వినలేదు. అప్పుడు ఆయన చేతిలో మిగిలిన పని ఒక్కటే, వాళ్లను యాజకత్వం నుంచి తప్పించడం. అది చేయలేదు. నాకంటె నీ కుమారులను గొప్ప చేశావు అన్న మాట దేవుని దగ్గర నుంచి వచ్చింది. వాళ్లను అడ్డగించలేదన్న తీర్పు చిన్నవాడైన సమూయేలు నోట వచ్చింది. ఇది చదివినప్పుడల్లా మా కమిటీ గుర్తొస్తుంది. ఏలీ కనీసం నోరు తెరిచి చెప్పాడు.

ఏం చేయాలో మత్తయి 18లో ఉంది, అది మనందరికీ కంఠస్థం. ముందు ఒంటరిగా వెళ్లి చెప్పాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజేయాలి. సంఘం మాట కూడా వినకపోతే అతను మీకు అన్యుడిలా, పన్నులు వసూలు చేసే సుంకరిలా ఉండాలి. మనం మొదటి మెట్టు ఎక్కకుండానే నాలుగో మెట్టు గురించి వాదులాడుకుంటాం. మొదటి మెట్టు మీద ఉన్న మాట మాత్రం మరచిపోతాం. అతను వింటే నీ సోదరుణ్ణి సంపాదించుకున్నావు. ఈ అధ్యాయంలో దీనికి ముందున్నది తప్పిపోయిన గొర్రె ఉపమానం, దీని తరువాత ఉన్నది డెబ్బై ఏళ్ల మారులు, అంటే ఏడు డెబ్బైల సార్లు క్షమించాలన్న మాట. మధ్యలో ఉన్న ఈ క్రమాన్ని ఆ రెంటి నుంచి విడదీస్తే పోలీస్ స్టేషన్ రూల్స్‌లా కనబడుతుంది. ఇక ఆ చివరి మాటను రాసినవాడు మత్తయి, తానే ఒకప్పటి సుంకరి. యేసు సుంకరులను బల్ల దగ్గర కూర్చోబెట్టి వదిలేయలేదు, పిలుస్తూనే ఉన్నాడు. వెలివేయబడినవాడు సువార్త వినాల్సినవాళ్ల లెక్కలోకి వస్తాడు, శత్రువుల లెక్కలోకి కాదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఒక పిల్లను, ఒక స్త్రీని ఎవరైనా చెరిపితే, "మత్తయి 18 ప్రకారం ముందు నువ్వే ఒంటరిగా వెళ్లి అతనితో మాట్లాడు" అనడం క్రూరత్వం. అలా చెప్పినవాళ్లు ఉన్నారు, వాక్యం పేరు మీదే చెప్పారు. ఆ అధ్యాయం మొదలయ్యేదే చిన్నపిల్లలతో. ఈ చిన్నవాళ్లలో ఒకరిని అభ్యంతరపరిచేవాడికి, అంటే పడిపోయేలా చేసేవాడికి, మెడకు తిరుగలి రాయి కట్టి సముద్రంలో ముంచడం మేలన్నాడు ప్రభువు. నేరమైతే అది ముందు పోలీసుల దగ్గరికి వెళ్లాలి. దుర్మార్గుణ్ణి శిక్షించడానికి దేవుడు అధికారులను నియమించాడని రోమా 13లో మనం చదువుకున్నదే. సంఘ విచారణ దాని తరువాత. సంఘం పరువు కోసం నేరాన్ని సంఘంలోనే పరిష్కరించుకోవడం మన పని కాదు.

పెద్దల మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్న తిమోతి పత్రిక మాట గురించి కూడా. అది అబద్ధపు నిందల నుంచి కాపాడటానికి ఉంది, అవసరమైనది కూడా. నేను నిందలతో నలిగిపోయిన నిర్దోషులను చూశాను. అయితే చీకట్లో జరిగినదానికి ఇద్దరు కళ్లారా చూసినవాళ్లు కావాలని పట్టుబడితే ఇక ఏ ఫిర్యాదూ నిలవదు. ఒకరికొకరు తెలియని ముగ్గురు ఒకే రకం సంగతి చెబితే వాళ్లే ముగ్గురు సాక్షులు. ఆ వెంటనే ఉన్న వచనం మనం పెద్దగా చదవం. పాపం చేస్తూ ఉన్నవాళ్లను, మిగతావాళ్లు భయపడేలా, అందరి ముందూ గద్దించమంది. ఆ తరువాతి వచనం పక్షపాతం వద్దంది.

పేరున్న క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరయాస్ విషయం మీలో చాలామందికి తెలుసు. 2017లో ఒక స్త్రీ ఫిర్యాదు చేసినప్పుడు ఆయన ఖండించాడు, ఆమె మీద, ఆమె భర్త మీదే కేసు వేశాడు. చివరికి ఎవరూ నోరు విప్పకూడదన్న ఒప్పందంతో ఆ కేసు ముగిసింది. సంస్థ బోర్డు ఆయన మాటే నమ్మింది. ఆయన 2020 మేలో చనిపోయాడు. 2021 ఫిబ్రవరిలో, ఆ సంస్థే నియమించిన న్యాయవాదుల నివేదిక అనేకమంది స్త్రీల పట్ల ఆయన దుష్ప్రవర్తనను బయటపెట్టింది. ఆ స్త్రీని నమ్మనందుకు బోర్డు క్షమాపణ అడిగింది. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోను. మాలాంటివాళ్లే. ఇంత గొప్పగా వాక్యం చెప్పే మనిషి అలా చేయడని అనుకుని ఉంటారు. ఆ మనిషి బతికుండగా ఒక్కరు గట్టిగా అడ్డుపడి ఉంటే ఆయనకు మారుమనస్సు పొందే సమయం ఉండేది. ఈ కోణం మనకు తట్టదు. చెప్పకపోవడం వల్ల బాధితులకు అన్యాయం జరుగుతుంది, నిజమే. తప్పు చేసినవాడికి కూడా అన్యాయమే జరుగుతుంది. ప్రకటన గ్రంథంలో, తుయతైర సంఘాన్ని తప్పుదారి పట్టించిన యెజెబెలు అన్న స్త్రీకి సైతం మారుమనస్సు పొందడానికి సమయమిచ్చానన్నాడు ప్రభువు. మన మౌనం ఆ సమయాన్ని తినేస్తుంది.

డబ్బు సంగతి దాటేస్తే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. "ఆయన వెళ్లిపోతే సంఘం ఏమవుతుంది" అన్న భయంలో సగం కానుకల గురించే. రెండో శతాబ్దంలో మార్కియోను అనే ఓడల వ్యాపారి రోమా సంఘంలో చేరినప్పుడు రెండు లక్షల సెస్టెర్సులు ఇచ్చాడు. చాలా పెద్ద మొత్తం. పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని బోధించడం మొదలుపెట్టాడు. 144లో సంఘం అతన్ని బయటికి పంపింది, ఆ డబ్బుతో సహా. ఈ సంగతి తొలి కాలపు క్రైస్తవ రచయిత తెర్తుల్లియను రాశాడు. ఆ రోజు రోమా పెద్దలు ఎలా కూర్చుని మాట్లాడుకున్నారో అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఆ సొమ్ముతో ఎంతమంది విధవరాళ్లకు సాయం చేయొచ్చో లెక్క చెప్పినవాడు తప్పకుండా ఒకడు ఉండే ఉంటాడు. మా కమిటీలో అయితే అది నేనే అయ్యుండేవాణ్ణి.

మొదటి తరాల క్రైస్తవులు వాడుకున్న 'డిడాకే' అనే చిన్న పుస్తకంలో తిరిగే ప్రవక్తల గురించి సూటి పరీక్ష ఉంది. ఆత్మలో మాట్లాడుతున్నానంటూ "నాకు డబ్బివ్వండి" అనేవాడి మాట వినవద్దు. లేమిలో ఉన్న వేరేవాళ్ల కోసం అడిగితే అతనికి ఎవరూ తీర్పు తీర్చవద్దు. ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు కనబడలేదు.

మారుమనస్సును గుర్తుపట్టడం దగ్గర మనం బాగా మోసపోతాం. వేదిక మీద కన్నీళ్లు పెట్టుకోగానే కరిగిపోతాం. నాశనం చేయమన్న శత్రువుల మందలను మిగుల్చుకున్న సౌలు కూడా "పాపం చేశాను" అన్నాడు. ముందు జనం మీదికి తోసి, మంచి గొర్రెలను బలి కోసమే ఉంచామని సర్ది, ఇక దారి లేనప్పుడు అన్నాడు. అన్న వెంటనే, నా జనుల పెద్దల ఎదుట నన్ను ఘనపరచమని సమూయేలును బతిమాలాడు. పాపం ఒప్పుకున్నా స్టేజీ మాత్రం పోకూడదు. బత్షెబ విషయంలో దావీదును ప్రవక్త నాతాను నిలదీసినప్పుడు దావీదు నోట వచ్చింది ఒక్క వాక్యం. బత్షెబ పేరెత్తలేదు, యుద్ధం టెన్షన్ అనలేదు. క్షమాపణ దొరికింది, అయినా ఫలితాలు మిగిలాయి, వాటి గురించి దేవునితో పేచీ పెట్టుకోలేదు. జక్కయ్య అయితే ఎవరూ అడగకుండానే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని లెక్క చెప్పాడు. "నా వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించండి" అనే మాటలో ఆ "ఉంటే" ఉన్నంతవరకు అది జక్కయ్య మాట కాదు.

390లో థెస్సలొనీకలో తన సైన్యం వేలమందిని ఊచకోత కోసినప్పుడు థియొడోసియస్ చక్రవర్తిని మిలాను సంఘ అధ్యక్షుడు (బిషప్) అంబ్రోసు ప్రభువు బల్లకు రానివ్వలేదు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసేసి, నెలల పాటు అందరి ముందూ పశ్చాత్తాపపడ్డాక గానీ మళ్లీ చేర్చుకోలేదు. అంబ్రోసు ముందుగా ఆయనకు రాసినది ఒక సొంత ఉత్తరం, గౌరవంగా, దుఃఖంతో. మన దగ్గర చక్రవర్తులు లేరు, అయినా మనం భయపడే మనుషులు ఉన్నారు.

క్షమించడం వేరు, కాపరి కర్ర తిరిగి చేతికివ్వడం వేరు. ఈ రెంటినీ కలిపేసి, "క్షమించారు కదా, మరి వేదిక ఎందుకివ్వరు" అంటారు. కొరింథువాళ్లు శిక్షించిన మనిషి గురించి పౌలు, ఆ శిక్ష చాలు, అధిక దుఃఖంలో మునిగిపోకుండా అతన్ని క్షమించి ఆదరించండి అని రాశాడు. ఇది చేయని సంఘాలు కూడా ఉన్నాయి, పదేళ్లయినా ఒక మనిషిని పాత పాపం పేరుతోనే పిలుస్తాయి, అదీ పాపమే. కానీ సంఘ అధ్యక్షుడు నిందారహితుడై ఉండాలని, బయటివాళ్ల దగ్గర కూడా మంచి సాక్ష్యం ఉండాలని రాసింది కూడా ఆ పౌలే. పేతురు ప్రభువును ఎరగనన్నాడు, అయినా గొర్రెలు మేపమన్నారు కదా అంటారు. నిజమే, పేతురు భయపడి పడిపోయాడు. తన అధికారాన్ని అడ్డం పెట్టుకుని గొర్రెలనే తిన్నవాడి సంగతి వేరు. అలాంటివాడికి బల్ల దగ్గర నా పక్కన చోటుంది. కాపరి కర్ర మాత్రం మళ్లీ ఇవ్వకూడదని నా అభిప్రాయం. మీలో కొందరు ఒప్పుకోరని తెలుసు.

ఇదంతా చదివి రేపు ఉదయం రిజిస్టరులో పేర్లు కొట్టేయడం మొదలుపెడతారేమోనని నాకు ఇంకో భయం. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అనే పెద్దమనిషి ఉన్నాడు. ప్రధానత్వం కోరుకునేవాడు. యోహాను మాటనే లెక్కచేయలేదు, సోదరులను చేర్చుకోలేదు, చేర్చుకుందామన్నవాళ్లను సంఘం నుంచి వెలివేశాడు. క్రమశిక్షణ అనే కత్తి అలాంటి చేతుల్లో పడితే మొదట తెగేది ప్రశ్నించినవాళ్ల మెడలే. ఆ మాట రాస్తుంటేనే నాకు తట్టింది. మా సంఘంలో చివరికి బయటికి వెళ్లింది ఎవరు? చెప్పడానికి వచ్చిన ఆ ఇద్దరే. మేం ఎవరినీ వెలివేయలేదు, తీర్మానం చేయలేదు. దియొత్రెఫే చేసిన పనే జరిగింది, మా చేతికి మట్టి అంటకుండా.

అబద్ధ బోధను బయటపెట్టడమే పరిచర్యగా పెట్టుకున్న సోదరులకు కూడా ఒక మాట. ఎఫెసు పెద్దలను మిలేతుకు పిలిపించి, క్రూరమైన తోడేళ్లు మీలోకి వస్తాయని, మీలోంచే వంకర మాటలు పలికేవాళ్లు లేస్తారని పౌలు హెచ్చరించాడు. వాళ్లు ఆ మాట విన్నారు. ప్రకటన గ్రంథంలో అదే సంఘం అపొస్తలులమని చెప్పుకునేవాళ్లను పరీక్షించి అబద్ధికులని కనుక్కున్నదని ప్రభువు మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, మొదటి ప్రేమ వదిలేశావు, మారుమనస్సు పొందకపోతే దీపస్తంభం తీసేస్తానన్నాడు. తోడేళ్లను పట్టుకోవడంలో ఆరితేరి గొర్రెలను ప్రేమించడం మరిచిపోవచ్చు. ఎదిరించేవాళ్లను సాత్వికంతో దిద్దమన్న మాట కూడా తిమోతికి రాసిందే.

మీ దగ్గరికి తప్పకుండా వచ్చే ఒక ప్రశ్న ఉంది, సిద్ధంగా ఉండండి. "నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే, మరి నా బాప్తిస్మం చెల్లుతుందా?" నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా సంఘం దీని మీదే చీలింది. హింసల కాలంలో లేఖనాలను శత్రువులకు అప్పగించినవాళ్ల చేతుల మీదుగా వచ్చిన పరిచర్య చెల్లదని డొనాటిస్టులు అన్నారు. బాప్తిస్మం క్రీస్తుది, ఇచ్చే మనిషిది కాదని అగస్టీను జవాబిచ్చాడు. ఆ మాట వాళ్లకు మెల్లగా, ఓపికగా చెప్పండి. వాళ్లు అడుగుతున్నది నిజానికి బాప్తిస్మం గురించి కాదు. తాము ప్రభువును కలుసుకున్నది కూడా మోసమేనా అని అడుగుతున్నారు.

నేను ఈ మధ్య ఆ ఇద్దరిలో ఒకరి ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగడానికే వెళ్లాను. ఆమె లోపలికి రమ్మంది, కూర్చోమంది. మా వాదనలూ కారణాలూ ఏవీ అడగలేదు. "మేం చెప్పి వెళ్లాక ఆయనకు ఎవరైనా చెప్పారా అన్నా?" అంది. లేదన్నాను.

మీ తరువాతి మీటింగులో ఇలాంటి సంగతి వచ్చి, ఎవరో "ప్రార్థనలో పెడదాం" అంటే తప్పకుండా ప్రార్థించండి. ఆమేన్ చెప్పాక ఆయన ఇంటికి ఎవరు వెళ్తున్నారు, ఏ రోజు వెళ్తున్నారు అన్నది మినిట్స్‌లో రాయండి. వెళ్లి వచ్చాక ఆయన ఏమన్నాడో కూడా రాయండి. అలాగే పాత రిజిస్టరు ఒకసారి తీసి, ఏదో ఒకటి చెప్పడానికి వచ్చి ఆ తరువాత కనబడకుండా పోయినవాళ్ల పేర్లు చూడండి. వాళ్ల ఇళ్లకు కూడా మనిషి వెళ్లాలి. ఆ పనికి ఎవరూ దొరక్కపోతే నన్ను పిలవండి, వస్తాను.

ప్రభువులో మీ సహోదరుడు,
ఒకప్పుడు మీలాగే ఆ గదిలో కూర్చున్నవాడు